పెంగ్విన్‌ని ఎవరు వదిలారు, ఒంటెని ఎవరు కట్టేశారు

అందరికీ నమస్కారం. లోపలికి వస్తూ మీ ల్యాప్‌టాప్ మూతల మీద స్టిక్కర్లు చూశాను. పెంగ్విన్లు ఎలాగూ ఉన్నాయి, రెండు మూడు రకాల ఏనుగులు, ఒక ఎర్ర పీత, పెద్ద కళ్ల నీలం గోఫర్ అనే బొరియ ఎలుక, నక్క, తిమింగలం. నేను కోడ్ రాసేవాణ్ణి కాదు, బొమ్మలు గీసేవాణ్ణి. అందుకే నా కళ్లు ముందు వాటి మీదికే పోతాయి.

మీలో ఎవర్నైనా ఒక ప్రోగ్రాం లైసెన్సు ఏమిటని అడిగితే జీపీఎల్ అనో, ఎంఐటీ అనో, అపాచీ అనో తడుముకోకుండా చెప్తారు. అదే ప్రోగ్రాం పక్కన ఉన్న జంతువు ఎవరు గీశారు, దాన్ని మనం మార్చుకోవచ్చా, టీషర్టు మీద వేసి అమ్మొచ్చా అని అడిగితే చాలామంది ఆగిపోతారు. ఇది చిన్న విషయం కాదని నా నమ్మకం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో, అంటే ఎవరైనా వాడి, మార్చి, పంచుకోగల ప్రోగ్రాముల ప్రపంచంలో, ప్రోగ్రామింగ్ రానివాళ్ల చేతికి మొట్టమొదట అందేది ఆ బొమ్మే. ఆరేళ్ల పాపకి కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ, తెలియదు, పెంగ్విన్ తెలుసు. మరి ఆ పాప చేతికి వచ్చిన బొమ్మ కోడ్ అంత స్వేచ్ఛగా ఉందా లేదా అన్నది చూడాలి కదా. ఒక ప్రాజెక్టు జంతువు జనంలో ఎంత దూరం తిరుగుతుందన్నది బొమ్మ అందం మీద కొంతే ఆధారపడుతుంది. గీసినవాళ్లు దాన్ని ఎలా వదిలారన్నదే ఎక్కువ లెక్కకొస్తుంది. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా ఉదాహరణలే.

టక్స్‌తో, అంటే లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం పెంగ్విన్‌తో, మొదలుపెడతాను, ఎక్కువసేపు దాని దగ్గరే ఉంటాను.

1996లో, లినక్స్ 2.0 వచ్చే రోజుల్లో, కెర్నల్ డెవలపర్ల మధ్య లోగో ఎలా ఉండాలని పెద్ద చర్చ నడిచింది. సొరచేప అన్నారు, గద్ద అన్నారు, నక్క అన్నారు. అలాంటి చోట అందరికీ వచ్చే ఆలోచనలే అవి, బలంగా, చురుగ్గా, భయపెట్టేలా కనిపించాలి కదా. లినక్స్‌ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ మాత్రం తనకి పెంగ్విన్లంటే ఇష్టమన్నాడు. అంతకుముందు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు కాన్‌బెర్రా జూలో ఒక చిన్న పెంగ్విన్ తన వేలు కొరికిందని ఆయనే చెప్పుకున్నాడు. పెంగ్విన్ ఎలా ఉండాలో కూడా వివరంగా రాశాడు. కాస్త లావుగా ఉండాలి, కడుపు నిండా హెర్రింగ్ చేపలు తిని తృప్తిగా కూలబడినట్టు ఉండాలి. ఒక సాంకేతిక ప్రాజెక్టుకి గుర్తుగా 'కడుపు నిండిన ప్రాణి'ని కోరుకోవడం నాకు ఎప్పటికీ నచ్చే విషయం. ఎవరినీ ఓడించని, ఎవరి మీదికీ దూకని, హాయిగా కూర్చున్న జీవి అది.

ఆ వివరణ చదివి, టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఉన్న లారీ ఈవింగ్ బొమ్మ వేశాడు. బొమ్మలు గీసే గింప్ అనే ప్రోగ్రాం తొలినాటి వెర్షన్ 0.54లో వేశాడు. ఆ గింప్‌ని బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ తయారుచేశారు, అప్పటికి అదింకా పసిబిడ్డే. టక్స్ అనే పేరు జేమ్స్ హ్యూస్ సూచించాడు, టోర్వాల్డ్స్, యూనిక్స్ (లినక్స్‌కి నమూనా అయిన పాత ఆపరేటింగ్ సిస్టం) రెండింటి లోంచి అక్షరాలు తీసుకుని. ఇంకో మాట, లినక్స్ లోగో కోసం పోటీలు కూడా జరిగాయి. మూడు పోటీలు. టక్స్ ఒక్కదానిలో కూడా గెలవలేదు. అందుకే ఇప్పటికీ దాన్ని లోగో అనకుండా మస్కట్ అంటారు. గెలిచినవి ఏవో ఈ గదిలో ఎంతమందికి గుర్తున్నాయి? ఓడినదే మిగిలింది.

ఎందుకు మిగిలింది? బొమ్మ బాగుంది, నిజమే. కానీ ఈవింగ్ పెట్టిన షరతు చూడండి. ఈ బొమ్మని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఎవరైనా అడిగితే మాత్రం నా పేరు, గింప్ పేరు చెప్పండి. అంతే. రెండు విషయాలు గమనించండి. 'ఎవరైనా అడిగితే' అన్నాడు, ప్రతిచోటా రాసి తీరాలని అనలేదు. ఇక తన పేరు పక్కనే తను వాడిన పనిముట్టు పేరు కూడా పెట్టాడు. బొమ్మ గీసేవాళ్లలో ఎంతమంది తమ పేరు పక్కన తమ కుంచె చేసినవాళ్ల పేరు పెడతారు? బొమ్మల్నీ రచనల్నీ అందరికీ వదలడానికి వాడే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు అప్పటికి లేవు, వాటిలో మొదటివి 2002లో వచ్చాయి. లాయరు లేడు, ఫారం లేదు. ఒక్క వాక్యంతో పని అయిపోయింది.

మన పల్లెల్లో వెనకటికి దేవుడి పేరు మీద అచ్చు వేసి వదిలేసిన ఆంబోతు ఉండేది. దానికి ముక్కుతాడు ఉండదు, కాడి కట్టరు, ఏ చేలో మేసినా కొట్టరు, ఊళ్లో ప్రతి మందలోనూ దాని దూడలు ఉంటాయి. టక్స్ విషయంలో జరిగింది అదే. దాని దూడల్ని లెక్కపెట్టలేం. టక్స్ రేసర్ అని మంచుకొండ మీంచి జారే ఆట, సూపర్‌టక్స్ అని ఇంకో ఆట, 2002లో బిల్ కెండ్రిక్ మొదలుపెట్టిన టక్స్ పెయింట్. చిన్నపిల్లలు బొమ్మలు వేసుకునే ఈ టక్స్ పెయింట్ తెలుగులో కూడా నడుస్తుంది, ఇంట్లో పిల్లలుంటే ఈ వారమే పెట్టి చూడండి. పాత పద్ధతిలో లినక్స్ బూట్ అయితే, అంటే కంప్యూటర్ మొదలైతే, ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లుంటే అన్ని పెంగ్విన్లు తెర మీద వరసగా కనిపిస్తాయి. ఎవరూ ఎవరినీ అనుమతి అడగలేదు.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ 2009లో జరిగింది. ఆస్ట్రేలియాలో టాస్మేనియా అనే ద్వీపం ఉంది, అక్కడ టాస్మేనియన్ డెవిల్ అనే జంతువు ఉంటుంది. 1996లో ఆ జంతువుల్లో ఒక వింత జబ్బు బయటపడింది, ముఖం మీద కణుతులు. అది క్యాన్సరే, కానీ అంటుకునే క్యాన్సర్. ఒకదాన్నొకటి కరుచుకున్నప్పుడు వ్యాపిస్తుంది. జాతి మొత్తానికే ముప్పు వచ్చింది. 2009 జనవరిలో ఆస్ట్రేలియా లినక్స్ సమావేశం ఆ ద్వీపం రాజధాని హోబార్ట్‌లో జరిగింది. వాళ్ల మస్కట్ పేరు టజ్. అంటే ఒక టాస్మేనియన్ డెవిల్ పెంగ్విన్ ముక్కు తగిలించుకుని టక్స్ వేషం వేసింది. ఆ సమావేశంలో డెవిల్‌ని కాపాడే పనికి చందాలు పోగుచేశారు. చందా బాగా వస్తే డెబియన్ అనే లినక్స్ రూపం తయారుచేసే జట్టులో పెద్దాయన బ్డేల్ గార్బీ ఏళ్లుగా పెంచుకున్న గడ్డం గీయించుకోవాలని పందెం కాశారు. చందా వచ్చింది, లైనసే స్టేజి మీద గీశాడు. అక్కడితో ఆగలేదు. ఆ మార్చిలో వచ్చిన కెర్నల్ 2.6.29లో లైనస్ బూట్ లోగోగా టక్స్‌ని తీసి టజ్‌ని పెట్టాడు, ఆ ఒక్క విడుదలకే. ప్రపంచవ్యాప్తంగా సర్వర్లలో, లాబొరేటరీల్లో, పరికరాల్లో నడిచే ఒక కెర్నల్ తన ముఖాన్ని కొన్ని వారాలపాటు అంతరించిపోతున్న ఒక జంతువుకి ఇచ్చేసింది. ఒక పెద్ద కంపెనీ లోగోతో ఈ పని చేయాలంటే ఎన్ని మీటింగులు, ఎన్ని సంతకాలు కావాలో ఊహించండి. ఇక్కడ ఒక ప్యాచ్, అంటే కోడ్‌లో చిన్న మార్పు, సరిపోయింది, ఎందుకంటే పెంగ్విన్ మీద ఎవరి తాడూ లేదు.

ఇప్పుడు ఒంటె దగ్గరికి వద్దాం.

పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష మీలో కొందరికే తెలిసి ఉంటుంది, మా తరానికి వెబ్ అంటే పెర్లే. దాని గుర్తు ఒంటె. ఈ ఒంటె ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 1991లో ఓరైలీ అనే ప్రచురణ సంస్థ వేసిన పెర్ల్ పుస్తకం అట్ట మీదనుంచి. ఓరైలీ పుస్తకాల మీద జంతువులు వేయాలన్నది ఈడీ ఫ్రీడ్‌మన్ అనే డిజైనర్ ఆలోచన. యూనిక్స్ పదాలు ఆమెకి ఏవో వింత జీవుల పేర్లలా వినిపించాయి, దాంతో పంతొమ్మిదో శతాబ్దపు చెక్కుడు బొమ్మలు వెతికి అట్టల మీద వేసింది. నా వృత్తిలో అది చాలా గొప్ప పని. విసుగు పుట్టించే సాంకేతిక పుస్తకాలకి దూరంనుంచే గుర్తుపట్టే ముఖాలు ఇచ్చింది. ఆ పుస్తకాలే లేకపోతే పెర్ల్ అంతగా పాకేది కూడా కాదు, ఓరైలీ చేసిన మేలు నేను తక్కువ చేయను.

కానీ ఒంటె ట్రేడ్‌మార్కు ప్రచురణకర్తది. పెర్ల్‌తో కలిపి ఒంటె బొమ్మ వాడాలంటే వాళ్ల నియమాలు. వ్యాపారం కాని పనులకి ఉదారంగానే ఇచ్చారు, అది వేరే సంగతి. భాష స్వేచ్ఛది, దాని ముఖం మాత్రం వేరొకరి దస్తావేజుల్లో ఉంది. తర్వాత పెర్ల్ ఫౌండేషన్ తనకంటూ గుర్తు కావాలనుకున్నప్పుడు ఉల్లిపాయని ఎంచుకుంది. ఉల్లిపాయ మంచిదే, కానీ ఒంటె మీద పెరిగిన అభిమానం ఉల్లిపాయ మీదికి బదిలీ అవుతుందా? జనం ఇప్పటికీ ఆ పుస్తకాన్ని ఒంటె పుస్తకం అంటారు. పెర్ల్ 6 కోసం, అంటే ఇప్పుడు రాకు అంటున్న భాష కోసం, లారీ వాల్ రంగురంగుల సీతాకోకచిలుకని తనే తయారుచేశాడు, కమీలియా అని పేరు పెట్టాడు. ఈసారి గుర్తు బయటి సంస్థ చేతిలో లేదు, భాషని పుట్టించినవాడి చేతిలోనే ఉంది.

టామ్‌క్యాట్ కథ కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ వెబ్ సర్వర్ ప్రోగ్రాం రాసిన జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్, ఏదో ఒకరోజు దీని మీద ఓరైలీ పుస్తకం వస్తుంది, అట్ట మీద జంతువు ఉంటుంది, కాబట్టి తన బతుకు తను బతకగల జంతువు పేరు పెడదాం అని గండుపిల్లి పేరు పెట్టాడు. 2003లో పుస్తకం వచ్చింది. అట్ట మీద మంచు చిరుత ఉంది. తాళం మన దగ్గర లేనప్పుడు మన జంతువుని కూడా మనం ఎంచుకోలేం.

ఫైర్‌ఫాక్స్ సంగతి దీనికంటే జటిలం, కాస్త ఓపిగ్గా వినండి. ఆ బ్రౌజర్ 2002లో ఫీనిక్స్‌గా పుట్టింది, పేరు గొడవల వల్ల ఫైర్‌బర్డ్ అయింది, 2004 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ అయింది. రెడ్ పాండాకి ఇంగ్లీషులో ఉన్న ఇంకో పేరు అది, లోగోలో మాత్రం భూగోళాన్ని చుట్టుకున్న నక్క ఉంది, జాన్ హిక్స్ తీర్చిదిద్దాడు. కోడ్ స్వేచ్ఛగా ఉంది. నక్క బొమ్మ స్వేచ్ఛగా లేదు. అప్పట్లో ఆ చిత్రం కాపీరైటు లైసెన్సు ఎవరైనా మార్చుకోడానికి ఒప్పుకోదు. డెబియన్ వాళ్ల నియమం ఏమిటంటే, తమ ప్రధాన విభాగంలో ఉండే ప్రతి ఫైలూ స్వేచ్ఛగా ఉండాలి, బొమ్మలతో సహా. దాంతో వాళ్లు నక్కని తీసేసి, ఉత్త భూగోళం బొమ్మతో ఫైర్‌ఫాక్స్‌ని ఇచ్చారు. 2006లో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా తరఫునుంచి మాట వచ్చింది, మా పేరు వాడితే మా లోగో కూడా వాడాలి, మీరు చేసే మార్పులు మాకు చూపించాలి అని. పేరు, బొమ్మ విడదీయడానికి వీల్లేదన్నమాట.

ఎవరిది తప్పు? రెండు వైపులా న్యాయం ఉంది. మొజిల్లా భయం నిజమైనదే, ఫైర్‌ఫాక్స్ పేరుతో దొంగ ప్రోగ్రాములు పెట్టి జనం పాస్‌వర్డ్‌లు లాగేవాళ్లు నిజంగానే ఉన్నారు, పేరుని కాపాడుకోకపోతే నష్టపోయేది మామూలు మనుషులు. డెబియన్ పట్టుదల కూడా నిజమైనదే, బొమ్మ కదా అని ఒకచోట వదిలేస్తే రేపు ఫాంటు కదా, ఎల్లుండి ఫర్మ్‌వేర్ కదా అంటారు. చివరికి డెబియన్ పేరే మార్చేసింది. ఫైర్‌ఫాక్స్ ఐస్‌వీజిల్ అయింది. మొజిల్లా ఈమెయిల్ ప్రోగ్రాం థండర్‌బర్డ్ ఐస్‌డవ్, ఇంకో ప్రోగ్రాం సీమంకీ ఐస్‌ఏప్. నిప్పుకి మంచు, నక్కకి ముంగిసలాంటి చిన్న వేటజంతువు, పిడుగుపక్షికి పావురం. 2007లో వచ్చిన డెబియన్ 4.0నుంచి దాదాపు పదేళ్లు, డెబియన్ వాడేవాళ్లు అదే కోడ్‌ని ఇంకో జంతువు పేరుతో వాడారు. ఈలోగా మొజిల్లా ఆ బొమ్మల కాపీరైటు లైసెన్సు మార్చి, ట్రేడ్‌మార్కు మాత్రం తన దగ్గర ఉంచుకుంది. 2016లో ఫైర్‌ఫాక్స్ డెబియన్‌కి తిరిగి వచ్చింది, మరుసటి ఏడాది థండర్‌బర్డ్ వచ్చింది.

ఈ కథలో మీరు పట్టుకోవాల్సింది, కాపీరైటు వేరు, ట్రేడ్‌మార్కు వేరు. కాపీరైటు బొమ్మ గురించి, దాన్ని కాపీ చేయొచ్చా, మార్చొచ్చా అని. ట్రేడ్‌మార్కు నమ్మకం గురించి, ఆ బొమ్మ చూపించి 'నేనే ఆ సంస్థని' అని చెప్పుకోవచ్చా అని. మొదటిది పూర్తిగా వదిలేసి కూడా రెండోదాన్ని ఉంచుకోవచ్చు. ఈ తేడా తెలియకే చాలా ప్రాజెక్టులు భయపడి రెండింటినీ బిగించేస్తాయి.

రెడ్ పాండా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్కమాట. మొజిల్లా 2010లో అమెరికాలోని నాక్స్‌విల్ జూలో రెడ్ పాండా పిల్లల్ని దత్తత తీసుకుని కెమెరా పెట్టి అందరికీ చూపించింది. మనకి అంత దూరం పోనక్కర్లేదు. అది సిక్కిం రాష్ట్ర జంతువు. దార్జిలింగ్‌లో వాటిని పెంచి, పిల్లల్ని పుట్టించి, సింగలీలా అడవుల్లో వదిలే జూ ఉంది, దాని పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జూ. పద్మజా నాయుడు మన హైదరాబాద్‌లో పుట్టిన మనిషి, సరోజినీ నాయుడి కూతురు, పశ్చిమ బెంగాల్ గవర్నరుగా చేసింది. ఫైర్‌ఫాక్స్ స్టిక్కర్ పెట్టుకున్నవాళ్లు అటు వెళ్తే ఆ జూ చూసి రండి.

ఇక బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల ప్రోగ్రాం కోతి సుజాన్. బ్లెండర్ నేర్చుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? చాలామందే ఉన్నారు, సంతోషం. మీరు ఘనం, గోళంతో పాటు మెనూలో ఒక కోతి తల చూసి ఉంటారు. అది అక్కడికి ఎలా వచ్చిందో తెలిస్తే దాన్ని ఇంకోలా చూస్తారు. 2002 మొదట్లో బ్లెండర్ ఇంకా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు, నాన్ అనే కంపెనీ సొత్తు. కంపెనీ మునిగిపోతోందని లోపల పనిచేసేవాళ్లకి తెలిసిపోయింది. ఆఖరి వెర్షన్ 2.25లో వాళ్లు తమ గుర్తుగా ఒక కోతి తలని దాచి వెళ్లారు. కంపెనీ మూతపడింది. పెట్టుబడిదారులు లక్ష యూరోలిస్తే కోడ్‌ని వదులుతామన్నారు. బ్లెండర్‌ని పుట్టించిన టోన్ రోజెండాల్ జనాన్ని అడిగాడు, ఏడు వారాల్లో ఆ డబ్బు పోగైంది, 2002 అక్టోబర్ 13న కోడ్ జీపీఎల్ కింద బయటికి వచ్చింది. కోతి కూడా దానితో పాటే వచ్చేసింది. ఉద్యోగాలు పోతున్నాయని తెలిసిన మనుషులు వీడ్కోలుగా పెట్టిన బొమ్మ, ఇవాళ ప్రపంచంలో త్రీడీ నేర్చుకునే పిల్లలందరూ మొదట వెలుగు వేసి చూసే ముఖం అయింది. బ్లెండర్ సమావేశంలో ఏటా ఇచ్చే అవార్డుకి కూడా దాని పేరే. వాళ్లు ఆ కోతిని గోడ మీద పోస్టర్‌గా కాకుండా కోడ్ లోపల పెట్టారు, అందుకే కోడ్ విడుదలైనప్పుడు అదీ విడుదలైంది. నాకు దీనికంటే మంచి మస్కట్ కథ తెలియదు.

ఏనుగుల గురించి త్వరగా చెప్పేస్తాను. పదేళ్ల కిందట అమీర్‌పేటలో కోచింగ్ బోర్డుల మీద తిరిగిన పసుపు ఏనుగు, పెద్ద డేటాని సంభాళించే హడూప్ అనే ప్రోగ్రాంది, దాన్ని తయారుచేసిన డగ్ కటింగ్ కొడుకు ఆడుకునే గుడ్డ ఏనుగు పేరే ఆ పేరు. నీలం ఏనుగు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషది, విన్సెంట్ పోంటియే 1998లో ఆ మూడు ఇంగ్లీషు అక్షరాల్లో ఏనుగు ఆకారం చూసి గీశాడు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఏనుగు పేరు స్లోనిక్. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం వాళ్ల ముళ్ల చేప పఫీ గురించి అరగంట మాట్లాడగలను, టైం లేదు.

కొత్త తరం జంతువుల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. గో అనే ప్రోగ్రామింగ్ భాష 2009 నవంబర్‌లో వచ్చింది, దాని గోఫర్‌ని రెనే ఫ్రెంచ్ అనే చిత్రకారిణి గీసింది, ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టం కుందేలు గ్లెండా కూడా ఆమెదే. గోఫర్‌కి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఇచ్చారు, ఆమె పేరు చెప్తే చాలు. అందుకే ఏ దేశం గో సమావేశం చూసినా అక్కడి బట్టలు కట్టుకున్న గోఫర్ కనిపిస్తుంది. రస్ట్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష పీత ఫెరిస్. దాన్ని కారెన్ రస్టాడ్ టోల్వా గీసి, హక్కులన్నీ వదిలేసి ప్రజలకి ఇచ్చేసింది. అది అధికారిక మస్కట్ కూడా కాదు, అధికారిక లోగో పళ్లచక్రంలో ఉన్న ఇంగ్లీషు అక్షరం. 2023 ఏప్రిల్‌లో రస్ట్ ఫౌండేషన్ ఒక ట్రేడ్‌మార్కు విధానం ముసాయిదా బయటపెట్టింది. పేరు, లోగో ఎక్కడ ఎలా వాడాలో చెప్పే ఆ నియమాలు మరీ బిగుతుగా ఉన్నాయని డెవలపర్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు, నిరసనగా క్రాబ్‌లాంగ్ అని ఒక ఫోర్క్, అంటే రస్ట్ కోడ్‌తో విడిగా నడిపే కాపీ, కూడా పెట్టారు. చివరికి ఫౌండేషన్ ముసాయిదాని మళ్లీ రాసే పనిలో పడింది. ఆ గొడవంతా జరుగుతున్నప్పుడు పీతకి ఏమీ కాలేదు. ఎవరి విధానం దాన్ని తాకలేదు. జనం తమ కోపాన్ని కూడా పీత బొమ్మతోనే చెప్పుకున్నారు.

ఇక మన దగ్గరికి వస్తాను. తెలుగులో గ్నూ/లినక్స్ తేవడానికి 'స్వేచ్ఛ' అనే సంస్థ లాంటివాళ్లు ఏళ్లుగా పనిచేశారు, అనువాదాలు చేసేవాళ్లున్నారు, ఫాంట్లు చేసేవాళ్లున్నారు. మీలో కొందరు కొత్త ప్రాజెక్టులు మొదలుపెడుతున్నారు. వాటికి బొమ్మ కావాల్సి వస్తే దయచేసి నెట్‌లో దొరికిన చిత్రాన్ని తెచ్చి అతికించకండి. మన నేల మీద జంతువులకి కొదవ లేదు. ఉబుంటు అనే లినక్స్ రూపం తన 12.04 విడుదలకి అలుగు, అంటే ఒళ్లంతా పొలుసులుండే జంతువు, పేరు పెట్టుకుంది. ఆ అలుగు మన నల్లమలలోనూ ఉంటుంది, వేటగాళ్ల చేతుల్లో పడి నాశనమవుతోంది.

నన్నడిగితే కలివి కోడి. కడప జిల్లా లంకమల పొదల్లో రాత్రిపూట తిరిగే చిన్న పక్షి. 1848లో జెర్డన్ అనే ఆయన ద్వారా అది శాస్త్రవేత్తలకి తెలిసింది, 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో అక్కడి స్థానికుల సాయంతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకి మళ్లీ దొరికింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. టజ్ టాస్మేనియన్ డెవిల్‌కి చేసినదాన్ని, ఒక తెలుగు ప్రాజెక్టు కలివి కోడికి చేయగలదు. ప్రతి విడుదలలోనూ ఆ పక్షి ముఖం కనిపిస్తే, అదేం పిట్ట అని అడిగే పిల్లలు కొందరైనా ఉంటారు.

చేసేవాళ్లు మూడు నాలుగు సంగతులు చూసుకోండి. ఇంక్‌స్కేప్, క్రీటా లాంటి బొమ్మలు గీసే స్వేచ్ఛా ప్రోగ్రాముల్లో గీయండి, ఎగుమతి చేసిన బొమ్మ ఒక్కటే కాకుండా అసలు ఫైలు, అంటే ఎస్‌వీజీ, కోడ్‌తో పాటే పెట్టండి, అది లేకపోతే ఎవరూ మార్చుకోలేరు. లైసెన్సు ఏమిటో ఆ ఫోల్డర్‌లోనే ఒక చిన్న ఫైలుగా రాయండి. గీసినవాళ్ల పేరు తప్పకుండా వేయండి. నేను ఈ మాట నా కోసం అడగడం లేదు, కోడ్ రాసిన ప్రతి ఒక్కరి పేరూ చరిత్రలో నమోదయ్యే చోట బొమ్మ వేసినమ్మాయి పేరు కనపడకపోవడం అన్యాయం కాబట్టి అడుగుతున్నాను. బొమ్మలో తెలుగు అక్షరాలు ఉంటే ఫాంటు లైసెన్సు కూడా చూడండి, రామభద్ర, సురన్న, పొన్నాల లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉన్నాయి, నిశ్చింతగా వాడొచ్చు.

ప్రశ్నలు ఉంటే తీసుకుంటాను. అవునమ్మా, చెప్పండి.

అమ్మాయి అడుగుతున్నది, అంత వదిలేస్తే ఎవరైనా చెడ్డపనికి వాడుకుంటే ఏం చేస్తాం అని. మంచి ప్రశ్న. టక్స్‌ని కూడా ఎవరెవరో ఎలాగెలాగో వాడారు, దానివల్ల లినక్స్ పరువు పోలేదు. అయినా భయం ఉంటే డెబియన్ పద్ధతి చూడండి. వాళ్లకి రెండు లోగోలున్నాయి. ఎర్రటి సుడి ఒకటి, అది అందరిదీ, ఎవరైనా వాడొచ్చు. సీసాలోంచి ఆ సుడి వస్తున్నట్టుండేది రెండోది, అది డెబియన్ అధికారికంగా చేసిన పనులకే. జనానికి ఒకటి ఇచ్చేసి, సంతకంలాగా ఇంకోటి దగ్గర పెట్టుకున్నారు. పదిమంది ఉన్న చిన్న జట్టుకి రెండోది అవసరం కూడా ఉండదు, మొదటిదానితో మొదలుపెట్టండి.

వెనక వరసలో తమ్ముడు. కాలేజీ ఫెస్టులో టక్స్ టీషర్టులు వేసి అమ్మొచ్చా అని. అమ్మొచ్చు, డబ్బు తీసుకున్నా ఫర్వాలేదు, రంగు మార్చినా, పంచె కట్టినా ఫర్వాలేదు. కానీ పెంగ్విన్ కింద లినక్స్ అని పేరు వేస్తే అది వేరే లెక్క. ఆ పేరు ట్రేడ్‌మార్కు. 1994లో లినక్స్‌తో ఏ సంబంధం లేని ఒకాయన అమెరికాలో ఆ పేరు కోసం దరఖాస్తు పెట్టి తన పేరు మీద నమోదు కూడా చేయించుకున్నాడు, కేసు నడిచి 1997లో అది లైనస్ చేతికి వచ్చింది. ఇప్పుడు దాని వాడకం లినక్స్ ఫౌండేషన్ చూసుకుంటుంది, నియమాలు బహిరంగంగానే ఉన్నాయి, పేరు వేయాలంటే అవి చదివి వేయండి. ఉత్త పెంగ్విన్ అయితే ఈ రాత్రికే ప్రింటింగ్‌కి పంపొచ్చు. మెడ పట్టీ దగ్గర చిన్న అక్షరాలతో లారీ ఈవింగ్ పేరు, గింప్ పేరు వేయండి, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.